హ్యాకథాన్ పెట్టాలా, ఇంకో దారి చూడాలా? ఆఫీసు సమస్యకు తగిన పద్ధతి ఎంచుకోవడం

సెలవు కావాలంటే మూడు చోట్ల రాయాల్సిన ఆఫీసులో నేను కొన్నాళ్లు పనిచేశాను. ఒక ఫారం, ఒక ఎక్సెల్ షీటు, ఆపైన మేనేజర్‌కి ఒక మెయిలు. మూడింట్లో ఏది మర్చిపోయినా నెలాఖరున జీతంలో కోత పడేది. ఒక శుక్రవారం హ్యాకథాన్ పెట్టాం, అంటే మామూలు పని పక్కన పెట్టి ఒక్క సమస్య మీదే అందరూ కలిసి కూర్చుని, గడువులోగా పరిష్కారం నమూనా తయారుచేయడం. ఆరుగురం కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసి, మూడు పనులూ ఒక్క చోటే అయిపోయే ఫారం తయారుచేశాం. డెమో చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫారం ఒక్కరోజు కూడా వాడకంలోకి రాలేదు. ఆ ఎక్సెల్ షీటు జీతాల విభాగానిది. దాన్ని మానేయడానికి ఒప్పుకోవాల్సిన మనిషి ఆ గదిలో లేరు. ఆయన్ని పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు.

కొన్ని నెలల తర్వాత అదే టీమ్ ఇంకో సమస్య మీద సగం రోజు కూర్చుంది. కస్టమర్ల ఫిర్యాదులన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడేవి. వాటిని చదివి ఎవరిది వాళ్లకు పంపడానికి రోజూ ఒకరికి గంటన్నర పట్టేది. మధ్యాహ్నానికల్లా ఆ పని తనంతట తానే చేసే చిన్న స్క్రిప్టు, అంటే కొద్దిపాటి కోడ్ ఒకటి రాశాం. చూడటానికి అందంగా లేదు, కొన్ని మెయిళ్లను తప్పు చోటికి పంపేది కూడా. కానీ సోమవారం నుంచే వాడటం మొదలుపెట్టాం. ఆ ఇన్‌బాక్స్ మాది, స్క్రిప్టు మాది, తప్పులు దిద్దుకోవడమూ మా చేతిలో పనే.

మనుషులు వాళ్లే, ఉత్సాహం కూడా అంతే. మొదటిసారి తేలనిది రెండోసారి ఎందుకు తేలిందో ఆలోచిస్తే, హ్యాకథాన్ మంచిదా కాదా అన్న ప్రశ్నే పక్కకు పోతుంది. సమస్యకు ముడి ఎక్కడ పడిందన్నదే అసలు ప్రశ్న.

ముడి మూడు చోట్ల పడుతుంది

ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నలిగే సమస్యలు ఎక్కువగా మూడు కారణాలతో ఆగిపోతాయి. ఏం చేయాలో తెలుసు, చేయగలిగినవాళ్లూ ఉన్నారు, తీరికే లేదు. ఇది ఒకటి. ఏం చేయాలో తెలుసు, కానీ అవునని చెప్పాల్సినవాళ్లు చెప్పడం లేదు, లేదా ఆ మాట ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియదు. ఇది రెండోది. మూడోది, అసలు కారణమే తెలియదు, తెలుసని మాత్రం అందరూ అనుకుంటున్నారు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదే.

మీ సమస్య ఏ రకమో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. దాంతో రోజూ తంటాలు పడే ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడగండి: ‘రేపు మీకు వేరే పనేదీ పెట్టకుండా రోజంతా ఇస్తే దీన్ని సరిచేయగలరా?’ వెంటనే ‘ఓ, చేసేస్తాం’ అంటే ముడి తీరిక దగ్గరే ఉంది. ‘చేస్తాం గానీ వాళ్లు ఒప్పుకోవాలి కదా’ అంటే అనుమతి దగ్గర. ముగ్గురూ మూడు వేర్వేరు పరిష్కారాలు చెబితే కారణం దగ్గర. విడివిడిగా అడగమనడానికి కారణం ఉంది. అందరూ కలిసి ఉంటే మొదట మాట్లాడినవాళ్ల జవాబే మిగతావాళ్ల జవాబు అయిపోతుంది.

మామూలు హ్యాకథాన్ మొదటి రకానికి సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. మూడోదానికైతే నష్టం కూడా చేస్తుంది, ఎందుకంటే తప్పు సమస్యకు చక్కటి పరిష్కారం తయారవుతుంది, ఆ తర్వాత దాన్ని వదులుకోవడానికి ఎవరికీ మనసు రాదు.

తీరిక లేక ఆగిన పనికి: సగం రోజా, రోజంతానా, 24 గంటలా?

హ్యాకథాన్ అన్న మాట 1999లో వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు పదిమంది దాకా ఆ ఏడాది జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఒకచోట చేరి కోడ్ రాశారు. అది పోటీ కాదు. తమ సొంత ప్రాజెక్టులో మిగిలిపోయిన పనిని ఒకరి పక్కన ఒకరు కూర్చుని ముందుకు నడిపారు. ఆఫీసులో హ్యాకథాన్ పెట్టేవాళ్లు ఈ మొదటి రూపాన్ని గుర్తుంచుకుంటే మేలు. బహుమతులు, జడ్జీలు, వేదిక, బ్యానర్లు అన్నీ తర్వాత వచ్చి చేరినవే.

కంపెనీల లోపల జరిగేవాటిలో బాగా పేరున్నది అట్లాసియన్ అనే ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ కంపెనీది. 2005లో మొదలైంది, 24 గంటలు సాగుతుంది. మొదట్లో దాన్ని ఫెడెక్స్ డే అనేవాళ్లు. కొరియర్ వాళ్లు రాత్రికి రాత్రి పార్సిల్ చేర్చినట్టు, మర్నాటికల్లా చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలన్నది లెక్క. తర్వాత షిప్‌ఇట్ అని పేరు మార్చారు.

ఆ 24 గంటల పద్ధతి చూసి అలాగే చేయాలని చాలామందికి అనిపిస్తుంది. సొంత ఆఫీసు సమస్యలకైతే నేను దాన్ని సిఫారసు చేయను. రాత్రంతా మేలుకునే ఏర్పాటు పెట్టిన క్షణమే చంటిపిల్లల తల్లిదండ్రులు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు తప్పుకుంటారు. ఆఫీసులో రోజూ ఇబ్బంది పడేవాళ్లలో వాళ్లే ఎక్కువ ఉండొచ్చు. మిగిలేది కుర్రకారు, కోడ్ రాసేవాళ్లు. వాళ్లకు నచ్చిన సమస్యే అందరి సమస్య అయిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి రాసిన కోడ్‌ని సోమవారం విప్పి చూసేవాళ్ల కష్టం వేరే చెప్పక్కర్లేదు.

సగం రోజుకీ రోజంతాకీ మధ్య ఎంచుకోవాలంటే చేయాల్సింది ఎంతుందో చూడండి. ఒక ఫారం, ఒక చెక్‌లిస్టు, ఒక చిన్న ఆటోమేషన్, కొత్తగా చేరినవాళ్ల కోసం రాయాల్సిన నాలుగు పేజీల గైడు, ఇలాంటివాటికి సగం రోజు చాలు. రెండు వ్యవస్థలను కలపాల్సి వస్తే రోజంతా పెట్టుకోండి. మొదటిసారి చేసేవాళ్లయితే సగం రోజుతోనే మొదలుపెట్టమంటాను. నాలుగు గంటలే ఉన్నాయంటే టీమ్ తనంతట తానే పనిని చిన్నది చేసుకుంటుంది. ఎనిమిది గంటలు చేతిలో ఉంటే మొదటి మూడు గంటలు ఏ టూల్ వాడాలన్న వాదనతోనే గడిచిపోతాయి.

ఇదే కుటుంబంలో ఇంకొకటి ఉంది. దానికి పెద్దగా పేరు లేదు గానీ నాకు చాలా ఇష్టం. కొత్తదేదీ కట్టకుండా, పేరుకుపోయిన చిన్న చిన్న మరమ్మతులను అందరూ కలిసి ఒక రోజులో తీర్చేయడం. పనిచేయని లింకులు, పాతబడిన టెంప్లేట్లు, ఎవరూ చదవని రిపోర్టులు, మానేసినవాళ్ల పేర్లతో ఇంకా నడుస్తున్న మెయిల్ గ్రూపులు. మీ టీమ్‌ను విసిగించేది ఒక్క పెద్ద సమస్య కాక ఇలాంటి ముప్పై చిన్నవైతే హ్యాకథాన్ మాటే ఎత్తకండి. గోడ మీద జాబితా అంటించి, అయినదాన్ని అయినట్టు కొట్టేస్తూ పోండి.

అనుమతి దగ్గర ఆగిన పనికి: నిర్ణయం చెప్పాల్సినవాళ్లను కూర్చోబెట్టే సభ

మా సెలవు ఫారం కథ ఈ కోవలోది. నిర్ణయం కావాల్సిన చోట మేం కోడ్ రాశాం.

ఈ ముడిని విప్పే పద్ధతి ఒకటి హ్యాకథాన్ కంటే ముందే ఉంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1980ల చివర్లో, జాక్ వెల్చ్ నడిపిన కాలంలో, వర్క్-అవుట్ పేరుతో సభలు పెట్టింది. వేర్వేరు విభాగాల ఉద్యోగులు రెండు మూడు రోజులు ఒకచోట చేరతారు. అక్కర్లేని ఆమోదాలు, రిపోర్టులు, మీటింగులు ఏవో తేల్చి, ఏం మార్చాలో రాసుకుంటారు. ఆ చర్చ జరుగుతున్నంతసేపు పైఅధికారి గదిలో ఉండరు. చివర్లో వచ్చి అందరి ముందూ నిలబడి ప్రతి ప్రతిపాదనకూ అక్కడికక్కడే జవాబు చెప్పాలి: అవును, కాదు, లేదంటే ఇంకా సమాచారం కావాలి. మూడోది చెబితే ఆ సమాచారం ఎవరు, ఏ తేదీకి తేవాలో కూడా తేల్చాలి.

ఈ పద్ధతిలో విలువంతా ఆ చివరి ఘట్టంలో ఉంది. ‘చూద్దాం’ అనే జవాబుకు అక్కడ చోటు లేదు. ఏళ్లుగా ఆగిన పనుల్లో చాలా వాటిని ఎవరూ కాదనలేదు, ‘చూద్దాం’ అన్నారంతే. అందరి ఎదుటా ‘కాదు, ఇదీ కారణం’ అని చెప్పినా సరే, ఆ సమస్య మీద ఇంకో సంవత్సరం తల బాదుకోవడం తప్పుతుంది.

రెండు మూడు రోజులు కుదరకపోతే దీన్ని రెండు గంటలకు కుదించుకోవచ్చు. మొదటి గంటన్నర టీమ్ ప్రతిపాదనలు రాసుకోవడానికి, చివరి అరగంట జవాబులకు. కుదించకూడనిది ఒక్కటే: సంతకం పెట్టగలిగే మనిషి స్వయంగా రావాలి, ప్రతినిధిని పంపకూడదు. ఆ మనిషికి ప్రతిపాదనలన్నీ ముందురోజే పంపడం మర్యాద. అందరి ముందూ ఉన్నట్టుండి ఇరికిస్తే భయం కొద్దీ కాదంటారు.

ఒక హెచ్చరిక. మీ ఆఫీసులో పైవాళ్లకు ఎదురు మాట్లాడితే తర్వాత ఇబ్బంది పెడతారన్న భయం ఉంటే ఈ సభ పెట్టకండి. నోరు తెరిచినవాళ్లే నష్టపోతారు. అలాంటి చోట పేర్లు లేకుండా ప్రతిపాదనలు సేకరించి, నమ్మకస్తులైన ఒకరి ద్వారా పైకి పంపడం నయం.

కారణమే తెలియని సమస్యకు: ముందు చూడండి, తర్వాత కట్టండి

‘కొత్తగా చేరినవాళ్లు మూడు నెలలకే మానేస్తున్నారు.’ ‘ఆర్డర్లు ఎప్పుడూ ఆలస్యమే.’ ఇలాంటి వాక్యాన్ని హ్యాకథాన్ అంశంగా పెడితే సాయంత్రానికి ఒక యాప్ వస్తుంది. మానేయడానికి కారణం యాప్ లేకపోవడమేనని ఎవరూ తేల్చలేదు కదా.

పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే దారిలో ఎక్కడో ఆగుతోందని అనుమానముంటే కైజెన్ పద్ధతి చూడండి, అంటే పనితీరును కొద్దికొద్దిగా మెరుగుపరుచుకుంటూ పోవడం. టయోటా ఫ్యాక్టరీల ద్వారా ప్రపంచానికి పరిచయమైనది ఇది. దీన్ని ఒక విడతగా పెట్టేటప్పుడు మామూలుగా మూడు నుంచి ఐదు రోజులు కేటాయిస్తారు. మొదటి రోజు ఎవరూ పరిష్కారం ఊసెత్తరు. పని జరిగే చోటికే వెళ్లి, ఒక ఆర్డర్ వెంట మొదటి నుంచి చివరి దాకా నడిచి, ఎక్కడ ఎంతసేపు ఆగిందో రాసుకుంటారు. కారణం కోసం ఎందుకు అని మళ్లీ మళ్లీ, ఐదుసార్లు దాకా అడుగుతారు. మీటింగ్ గదిలో అందరూ చెప్పే దారి ఒకటి, పని నిజంగా నడిచే దారి ఇంకొకటి అన్న సంగతి మొదటి రోజు మధ్యాహ్నానికే బయటపడుతుంది.

సమస్య మీ లోపలి పనిది కాకుండా వాడేవాళ్లకు ఏం కావాలో తెలియకపోవడం అయితే డిజైన్ స్ప్రింట్ ఉంది. గూగుల్ పెట్టుబడి విభాగంగా మొదలైన జీవీ ప్రచారంలోకి తెచ్చిన ఐదు రోజుల పద్ధతి ఇది. సోమవారం సమస్యను పటంగా గీస్తారు, మంగళవారం ఎవరికి వారు పరిష్కారాలు గీస్తారు, బుధవారం ఒకటి ఎంచుకుంటారు, గురువారం నమూనా కడతారు, శుక్రవారం ఐదుగురు వాడకందారుల ముందు పెట్టి చూస్తారు. టీమ్‌లో ఏడుగురు లేదా అంతకంటే తక్కువ. తుది మాట చెప్పే ఒకరు అందులో తప్పక ఉంటారు. హ్యాకథాన్‌తో పోలిస్తే ఇక్కడ కట్టడానికి దొరికేది ఒక్క రోజే. మిగతా నాలుగూ ఏం కట్టాలో తేల్చుకోవడానికి, కట్టింది సరైనదో కాదో చూసుకోవడానికి. కారణం తెలియని సమస్యకు ఈ పాళ్లే సరైనవి.

ఐదు రోజులు ఇవ్వలేకపోతే రెండు రోజులన్నా వేర్వేరు వారాల్లో పెట్టండి. మొదటి రోజు చూడటానికి, వినడానికి మాత్రమే. రెండో రోజు కట్టడానికి. మధ్యలో దొరికే వారం వృథా కాదు, ఆ వారంలో కొన్ని ఊహలు వాటంతట అవే రాలిపోతాయి.

ఒక్కరోజు కాకుండా నెమ్మదిగా నడిచేవి

సలహాల పెట్టె పాతకాలపుదని తీసిపారేయక్కర్లేదు. ఫొటో ఫిల్ముల కంపెనీ కొడాక్ 1898లోనే ఇలాంటి పథకం పెట్టింది. టయోటా 1951లో మొదలుపెట్టి, దాన్ని తన పనితీరులో భాగం చేసుకుంది. పెట్టె పనిచేసేదీ చేయనిదీ ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: వేసిన చీటీకి రెండు వారాల్లోపు ఎవరో ఒకరు జవాబివ్వడం. జవాబు కాదన్నదైనా పర్వాలేదు. అది చేయలేకపోతే పెట్టె పెట్టకపోవడమే మంచిది.

పని వేళల్లో కొంత భాగాన్ని సొంత ఆలోచనలకు వదిలేయడం ఇంకో దారి. 3ఎమ్ కంపెనీ 15 శాతం సమయం అన్న పద్ధతిని 1948 నుంచి పాటిస్తోంది. గూగుల్ 20 శాతం మాట 2004లో పెట్టుబడిదారులకు రాసిన లేఖలో ఉంది. ఈ దారి కొత్త వస్తువులు పుట్టడానికి మంచిది, కానీ దానికి ఓపిక కావాలి. 3ఎమ్ వాళ్ల పోస్ట్-ఇట్ చీటీలకు (అంటించి మళ్లీ తీసేయగలిగే చిన్న కాగితాలకు) మూలమైన జిగురు 1968లో తయారైంది. దాన్ని చీటీలకు వాడొచ్చన్న ఆలోచన 1974లో వచ్చింది. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. వచ్చే నెలలో ఫిర్యాదుల ఇన్‌బాక్స్ సర్దాలనుకునే టీమ్‌కు ఇది తగదు.

వారానికి ఒక గంట పెట్టుకోవడం మధ్యరకం. ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఆరుగురు ఎనిమిది గంటల హ్యాకథాన్ చేస్తే 48 గంటలు. అదే ఆరుగురు వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు కూర్చున్నా 48 గంటలే. ఖర్చు ఒకటే, ఫలితం వేరు. ఒక్కసారి గట్టిగా నెట్టితే కదిలే పనికి హ్యాకథాన్ మేలు. ఒక మార్పు చేసి, వారం చూసి, మళ్లీ దిద్దాల్సిన పనికి, అంటే అలవాట్లు, మీటింగుల తీరు, పని అప్పగించే పద్ధతి లాంటివాటికి వారానికో గంటే మేలు. ఏడుగురి డిజైన్ స్ప్రింట్ అయితే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 280 గంటలు. అంత పెట్టాలంటే ఆ సమస్య వల్ల ఏటా ఎన్ని గంటలు పోతున్నాయో ముందు లెక్కవేయాలి. మా ఇన్‌బాక్స్ పని రోజుకు గంటన్నర తినేది, నెలకు ఇరవై పనిదినాలనుకుంటే 30 గంటలు. సగం రోజుకు ఆరుగురివి 24 గంటలు పెట్టాం. నెల తిరక్కుండానే పెట్టింది వెనక్కి వచ్చింది.

హ్యాకథానే అని తేలితే

సమస్యను తెచ్చినవాళ్లు టీమ్‌లో కూర్చోవాలి. వాళ్లకు కోడ్ రాయడం రాకపోయినా సరే, రోజంతా ఉండాలి. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లు పక్కన లేకుండా అకౌంట్స్ పని సులువు చేయబోతే సాయంత్రానికి ఎవరికీ అక్కరలేని వస్తువు చేతిలో ఉంటుంది.

నిజమైన కస్టమర్ల వివరాలు, జీతాల వివరాలు ఆ రోజు వాడకండి. ఉత్తుత్తి డేటా ముందురోజే తయారుచేసి పెట్టుకోండి. హడావుడిలో ఎవరో ఒకరు బయటి టూల్‌లోకి ఆ ఫైలు ఎక్కించేస్తారు, ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు. యాక్సెస్‌లు, పాస్‌వర్డ్‌లు, ఇన్‌స్టాల్ చేయాల్సినవి కూడా ముందే చూసుకోవాలి. సగం రోజు హ్యాకథాన్‌లో ఒక గంట యాక్సెస్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నేను చూశాను.

బహుమతుల విషయంలో నా అభిప్రాయం గట్టిది: సొంత ఆఫీసు సమస్యలకు పోటీ వద్దు. పోటీ అనగానే టీమ్‌లు ఒకదాని నుంచి ఒకటి దాచుకుంటాయి, ఉపయోగపడేదాని కంటే డెమోలో మెరిసేదాన్ని ఎంచుకుంటాయి. చెక్‌లిస్టు ఎప్పుడూ యాప్ చేతిలో ఓడిపోతుంది, ఆఫీసుకు కావాల్సింది మాత్రం చాలాసార్లు చెక్‌లిస్టే. పనివేళల్లోనే పెట్టండి, ఆ రోజు మామూలు పని ఎవరు చూస్తారో ముందే చెప్పండి. శనివారం పెట్టి స్వచ్ఛందం అంటే అది స్వచ్ఛందం కాదు.

డెమో తర్వాత ఏమవుతుందన్నది అన్నిటికంటే పెద్ద విషయం. ఫేస్‌బుక్ లైక్ బటన్ తొలి నమూనా 2007లో ఒక హ్యాకథాన్‌లో తయారైంది. అది జనం ముందుకు వచ్చింది 2009 ఫిబ్రవరిలో. ఆ మధ్య ఏడాదిన్నర పైగా దాన్ని వదలకుండా పట్టుకుని ముందుకు తోసినవాళ్లు ఉన్నారు. మీ నమూనాకు కూడా అలాంటివాళ్లు కావాలి. అందుకని డెమో అయిన గంటలోనే, ఎవరూ ఇంటికి వెళ్లకముందే, ప్రతిదానికీ మూడింట్లో ఒకటి తేల్చండి: సోమవారం నుంచి వాడతాం, ఫలానావాళ్లు చూసుకుంటారు; ఇంకా ఇన్ని గంటల పని ఉంది, ఆ గంటలు ఫలానా వారంలో ఇస్తాం; ఇక్కడితో ఆపేస్తున్నాం. మూడోది చెప్పడానికి మొహమాటపడకండి. ఆపేశామని చెబితే ఆ టీమ్ వచ్చేసారి మళ్లీ వస్తుంది. ఏమీ చెప్పకుండా వదిలేస్తే రాదు.

ఆ సెలవు ఫారం సమస్య ఇవాళ మళ్లీ నా ముందుకు వస్తే, శుక్రవారం గది బుక్ చేయడానికి ముందు జీతాల విభాగం ఆయన్ని అరగంట కలుస్తాను. ఆ షీటు ఆయనకు ఎందుకు కావాలో అడుగుతాను. బహుశా అందులో మేం ఎన్నడూ చూడని కాలమ్ ఒకటి ఉండి ఉంటుంది. ఫారంలో ఆ కాలమ్ పెడితే షీటు మానేయడానికి ఒప్పుకుంటే, ఆయన్ని కూడా పిలిచి సగం రోజు కూర్చుంటాం. ఒప్పుకోకపోతే ఆ శుక్రవారం ఇన్‌బాక్స్ మీద కూర్చుంటాం.